అరచుట్టు వదులు

చిరంజీవి ప్రశ్నలమ్మకు నాన్న ఆశీస్సులు.

మీ అమ్మా నేనూ ఇక్కడ కులాసా. నువ్వూ అక్కడ కులాసాగా ఉన్నావని తలుస్తున్నాం. ఉత్తరంలో ముందు ఈ మాట రాయాలని మీ తాత నేర్పాడు. రాసేముందు అది నిజమో కాదో చూసుకోమని మాత్రం నేర్పలేదు. అందుకని రాసేశాను.

ఫోనులో అక్షరాలు నా కళ్ళకు ఆనడం లేదని గొణిగినందుకు నువ్వు మళ్ళీ కాగితం మీద రాయడం మొదలుపెట్టావు. నీ దస్తూరీ చూస్తే ప్రాణం లేచొస్తుంది. అయినా పోయిన వారం నేను రెండుసార్లు ఫోన్ చేశాను, గుర్తుందా? ఒకసారి గొడుగు కొన్నావా అని అడిగాను. ఇంకోసారి మీ వంటింటి కుళాయి కారడం ఆగిందా అని అడిగి పెట్టేశాను. కుళాయి కోసం అంత దూరం ఫోన్ చేస్తారా ఎవరైనా? చెప్పాలనుకున్నది వేరే. నీ గొంతు వినగానే మాట మార్చేశాను. కాగితమైతే మధ్యలో "నాన్నా" అని ఆపదు కదా అని ఇలా కూర్చున్నాను. ఇవాళ నాకు సెలవు. మీ అమ్మ తలుపు దగ్గరగా వేసి, రాయడం అయ్యేదాకా బయటికి రావద్దని చెప్పి వెళ్ళింది.

ముందు నీ సంతోషం సంగతి. నీ ఉత్తరంలో ఆ పేజీ ఇప్పటికి పదిసార్లు చదివి ఉంటాను. ప్రపంచం మొత్తం మీద పొగ ఏటేటా పెరుగుతూనే ఉందనీ, ఆ మధ్య జనమంతా ఇళ్ళల్లో కూర్చున్న ఏడాది కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ పైకి పోయిందనీ రాశావు. మన దేశం పొగ లెక్క చూపే గీత మాత్రం, ఆ ఒక్క ఏడాది వదిలేస్తే, ముప్పై ఏళ్ళలో మొదటిసారి వెంట్రుకవాసి కిందికి వంగిందన్నావు. ఆ గీతను పెన్సిలుతో నువ్వే గీసి, వంపు దగ్గర చిన్న పువ్వు పెట్టావు. పొగ లెక్కలు కట్టే మీ ఆఫీసు బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చానన్నావు. ఇరవయ్యో తేదీన ఇతర దేశాల వాళ్ళ ముందు ఆ లెక్క చదివేది నువ్వేనని రాశావు. మీ అమ్మ ఆ కాగితం పట్టుకుని వీధంతా తిరిగింది. ఇస్త్రీ చేసే ఆమెకు కూడా చూపించింది. అదేమిటో ఆమెకు తెలియదు, మీ అమ్మకూ తెలియదు. కూతురు గీసిన గీత వంగిందని ఇద్దరూ మురిసిపోయారు.

ఇక నీ ప్రశ్నలు. నాలుగడిగావు, నంబర్లు కూడా వేశావు. మూడింటికి వరసగా రాస్తాను. నాలుగోది చివర్లో రాస్తాను, తొందరపడి ముందే అక్కడికి వెళ్ళకు.

మొదటిది, అమ్మ మందులు వేసుకుంటోందా? వేసుకుంటోంది, నేను ఎదురుగా నిలబడితే. కిటికీలన్నిటికీ దుప్పట్లు తడిపి కట్టింది. గంటకోసారి తడపాలి, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. మధ్యాహ్నాలు తొట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఫ్యానుతో మాట్లాడుతుంది. నాతో కంటే దానితోనే కాస్త మర్యాదగా మాట్లాడుతుందిలే. కళ్ళు తిరిగి ఒకసారి పడిందని నీకు రాయమంది. రెండుసార్లు పడింది. రెండోసారి వంటింటి గట్టుకు కణత తగిలింది. కుట్లు పడలేదు గానీ, కింద పడి ఉన్న మనిషిని చూశాక రాత్రుళ్ళు రెండు మూడుసార్లు లేచి ఊపిరి చూస్తున్నాను. డాక్టరు మందులు మార్చాడు. చల్లగా ఉండే చోట ఉంచండి అన్నాడు. అలాంటి చోటు ఎక్కడుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

రెండోది, వేడి నిజంగా పేపర్లో రాసినంత ఉందా? పేపరు వాళ్ళు నీడలో కొలుస్తారు. మా పని నీడలో కాదు. మా సిమెంటు ఫ్యాక్టరీ చిమ్నీ నిచ్చెన కడ్డీలు ఉదయం తొమ్మిదికే చేతులు కాలుస్తున్నాయి, గుడ్డ చుట్టుకుని ఎక్కుతున్నాను. మొన్న రోడ్డు దాటుతుంటే తారుకు నా చెప్పు అంటుకుపోయింది. చెప్పు వదిలేసి ఒంటికాలి మీద గెంతుకుంటూ అవతలికి వెళ్ళాను. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చాలా రోజులకు నవ్వడం అదే. వర్షం నెలన్నర వెనకపడింది. స్కూళ్ళు మూసేశారు. చిమ్నీ పైనుంచి చూస్తే చెరువు అడుగున బురద కనపడుతోంది, దాని మధ్య ఎవరిదో పాత స్కూటరు. ఎన్నేళ్ళ కిందట మునిగిందో ఏమో.

మూడోది రాయడానికి పెన్ను పక్కన పెట్టి మళ్ళీ తీశాను. లోడింగ్ మామయ్య ఎలా ఉన్నాడు, నన్నింకా "లెక్కల మేడం" అనే పిలుస్తున్నాడా అని అడిగావు.

తల్లీ, మామయ్య లేడు. ఇవాళ్టికి పందొమ్మిది రోజులు. ఫోనులో చెప్పొద్దని మీ అమ్మ నా చేతులు పట్టుకుంది. ఒంటరిగా ఉన్న పిల్ల, ఆ వార్త విని ఎలా ఉంటుందో అని భయపడింది. మధ్యాహ్నం రెండు గంటలకు లారీకి బస్తాలు ఎక్కిస్తున్నాడు. మిల్లు నుంచి వచ్చిన సిమెంటు బస్తా వెచ్చగా ఉంటుందని నీకు తెలుసు, చలికాలంలో చిన్నప్పుడు దాన్ని కౌగిలించుకునేదానివి. ఆ ఎండలో ఆ బస్తాలు వీపు మీద. లారీ నీడలో కూర్చుని నీళ్ళడిగాడట. నీళ్ళు తెచ్చేలోగా మాట తడబడింది. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఒంటి మీద చెమట చుక్క లేదు, చర్మం మాత్రం కాలిపోతోంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రం ఆరింటికి పోయాడు. నలభై నాలుగేళ్ళు. మీ అమ్మ "తమ్ముడూ" అని ఏడుస్తుంటే పట్టుకుని కూర్చున్నాను. పిల్లలిద్దరూ ఇప్పుడు రోజూ మనింటికే అన్నానికి వస్తున్నారు. క్యాంటీన్లో వాళ్ళమ్మకు పని ఇస్తామన్నారు.

ముందు రోజు సాయంత్రం మనింటి గోడ మీద మోచేతులు ఆనించి చాలాసేపు మాట్లాడాడు. మీ అమ్మ చూపించిన నీ గీత గురించే. "బావా, మేడం గీత వంగిందటగా. అయితే వచ్చే ఏడాదికి ఈ ఎండ తగ్గుతుందా?" అన్నాడు.

తగ్గదని నాకు తెలుసు. కుళాయి సన్నం చేసినంత మాత్రాన నిండిన తొట్టి ఖాళీ కాదని నువ్వే నాకు చెప్పావు. ఇంతవరకూ పైకి పోయింది పైనే ఉంటుందనీ, మన మనవల మీద కూడా అదే వేడి ఉంటుందనీ చెప్పావు. అవేవీ వాడికి చెప్పలేదు. తగ్గుతుందిలేరా అన్నాను. "నాకు కాకపోయినా పిల్లలకు ఫర్వాలేదన్నమాట" అని తృప్తిగా ఇంటికి పోయాడు. వాడితో నా ఆఖరి మాట అదే. అది అబద్ధం. ఎంత అబద్ధమో వాడికి తెలియదు, నీకూ తెలియదు.

ఇప్పుడు నాలుగోది. నువ్వు రాసిన వాక్యాలు ఉన్నవున్నట్టు ఇక్కడ దింపుతున్నాను. "మీ బట్టీ పొగలో ఆక్సిజన్ రెండేళ్ళుగా తొమ్మిదిన్నర శాతం చూపిస్తోంది, అంతకుముందు ఏడే ఉండేది. మా పెద్దాఫీసరు అడిగారు. అక్కడ పొగ కొలిచే మెషిన్ చూసేది మా నాన్న సార్, ఇరవై ఆరేళ్ళుగా ఆయనే చూస్తున్నారు అన్నాను. ఆయన ఇంకో మాట లేకుండా సంతకం పెట్టారు. ఊరికే అడుగుతున్నా, ఎందుకలా ఉంది నాన్నా?"

ఎందుకలా ఉందంటే, గొట్టానికి ఉన్న నట్టు అరచుట్టు వదులుగా ఉంది కాబట్టి.

అర్థమయ్యేలా చెబుతాను. చిమ్నీ మధ్యలో, నూట పద్దెనిమిది మెట్లు ఎక్కాక, ఇనుప జాలీ వేసిన అరుగు ఉంది. అక్కడ పొగలోకి చెయ్యంత పొడుగు గొట్టం దూర్చి ఉంటుంది. అది కొంచెం కొంచెం పొగ పీల్చి కింద గదిలో ఉన్న అనలైజర్‌కు పంపుతుంది. అందులో బొగ్గుపులుసు వాయువు ఎంత, ఆక్సిజన్ ఎంత అని అది లెక్కగట్టి మీ ఆఫీసుకు పంపుతుంది. మీరు కార్బన్ అంటారు, మాకు పుస్తకంలో బొగ్గుపులుసు వాయువనే ఉండేది. గొట్టం అతుకు దగ్గర నట్టు వదులైతే పొగతో పాటు బయటి గాలి కూడా లోపలికి పోతుంది. పాలల్లో నీళ్ళు కలిపినట్టే. బొగ్గుపులుసు వాయువు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆక్సిజన్ పెరిగినట్టు కనిపిస్తుంది. చిమ్నీలోంచి పోయేది మాత్రం ఎప్పటిలా పోతూనే ఉంటుంది. సిమెంటు పనిలో ఆ వాయువు సగం పైగా సున్నపురాయిలోంచే వస్తుంది. ఎంత మంచి బొగ్గు వేసినా రాయి కాలితే అది రాక మానదు. అంతే రాయి, అంతే సిమెంటు, మరి వాయువు ఎలా తగ్గింది అని ఇంకెవరి మెషిన్ అయినా నువ్వు అడిగేదానివి. మా నాన్నది కదా అని ఊరుకున్నావు.

మొదట అది పొరపాటే, ఒట్టు. రెండేళ్ళ కిందట బట్టీ ఆపి మరమ్మతులు చేసిన వారం. ఫిల్టరు మార్చి నట్టు బిగిస్తున్నాను. అప్పుడే నీ ఫోన్ వచ్చింది. "నాన్నా, ఉద్యోగం వచ్చింది" అన్నావు. ఒక చేత్తో స్పానర్, ఒక చేత్తో ఫోను. గాలికి నీ మాట సరిగా వినపడక నాలుగుసార్లు చెప్పించుకున్నాను. నాలుగుసార్లూ అంతే సంతోషంగా ఉంది. తరవాత స్పానర్ సంచీలో వేసుకుని పాడుకుంటూ దిగాను. ఇందులో నీ తప్పు ఉందనుకునేవు, వెర్రిమాలోకమా, ఆ ఆలోచనే పెట్టుకోకు. ఎవరి కూతురూ ఫోన్ చేయకపోయినా నట్టు బిగించాల్సింది నేనే.

బొగ్గుపులుసు వాయువు రీడింగు నూటికి ఇరవై రెండు నుంచి పద్దెనిమిదికి దిగింది. కొత్త ఫిల్టరు పుణ్యమనుకున్నాం. తొమ్మిదో రోజున ఆక్సిజన్ వరస మీద నా కన్ను పడింది. పైకెక్కి చూస్తే నట్టు అరచుట్టు వదులు. చేత్తో తాకి చూశాను. బిగించలేదు. ముందు చెబుదామని స్పానర్ పట్టుకునే మేనేజరు గదికి వెళ్ళాను. ఆ తొమ్మిది రోజుల్లో ఆయన ఆ అంకె పైవాళ్ళకు పంపేశాడు. ఆ ఏడాది కూడా హద్దు దాటితే బట్టీ మూసేస్తామని కాగితం వచ్చి ఉంది, అది నాకప్పుడే తెలిసింది. ఆయన చెడ్డవాడని రాయను. నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపాడు. "మీరు చేసిందేమీ లేదు. నట్టు అలా ఉంది, అలాగే ఉండనివ్వండి. ఆరువందల ఇళ్ళండీ" అన్నాడు. నేను తల ఊపాను. అంతే తల్లీ, నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. తల ఊపి క్యాంటీన్‌కు వెళ్ళి టీ తాగాను.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటని ఇంకా అనుకునేవాణ్ణేమో. ఏటా తనిఖీవాళ్ళు వచ్చిన రోజు బిగించేవాణ్ణి, మర్నాడు మళ్ళీ అరచుట్టు వదిలేవాణ్ణి. ఆ ఒక్కరోజు రీడింగు ఎందుకు పెరిగిందంటే బొగ్గు మారిందని రాసేవాళ్ళం. ఆ తరవాత మీరింత శుభ్రంగా ఎలా కాలుస్తున్నారని ఇంకో నాలుగు ఫ్యాక్టరీల నుంచి మెకానిక్కులు వచ్చారు. చూపించమని మేనేజరు చెప్పాడు. నలుగురినీ పైకి తీసుకెళ్ళి, ఎంత తిప్పితే ఎంత తగ్గుతుందో, ఎక్కడ ఆపితే ఎవరికీ అనుమానం రాదో చూపించింది ఈ చేతులే. మంచి పిల్లలు. ఒకడైతే పుస్తకంలో రాసుకున్నాడు. వాళ్ళను మీ అమ్మ మనింట్లో భోజనానికి కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించింది. నువ్వు పోయినసారి వచ్చినప్పుడు పక్కన నిలబడి ఫోటో తీసుకున్న ఆ ప్రశంసాపత్రం దానికే ఇచ్చారు.

తగ్గుదలలో ఎక్కువ భాగం సిమెంటు నుంచే వచ్చిందని నువ్వు రాసిన వాక్యం చదివాక కాగితం బోర్లా తిప్పి పెట్టాను. ఆ ఐదు ఫ్యాక్టరీల పేర్లు కూడా రాశావు, చూడు నాన్నా మీదే ముందుంది అని. నువ్వు పువ్వు పెట్టిన వంపు నా నట్టే. ఒక్క చిమ్నీ పొగ ప్రపంచం లెక్కలో ఎంత, చిటికెడు కూడా కాదు, మామయ్యను చంపింది ఆ నట్టు కాదు అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. నిజమే కావచ్చు. కానీ ఇరవయ్యో తేదీన నువ్వు చెప్పే మాట విని, ఫర్వాలేదు తగ్గుతోందని ఎంతమంది తృప్తిగా ఇళ్ళకు పోతారో తలుచుకుంటే అన్నం సయించడం లేదు. ఆ సాయంత్రం మామయ్య గోడ దగ్గర్నుంచి వెళ్ళినట్టే కనిపిస్తున్నారు అందరూ.

మొన్న పొద్దున మీ అమ్మకు చెప్పాను. తడి దుప్పటి పిండుతూ వింది. అరుస్తుందనుకున్నాను. దుప్పటి కిటికీకి కట్టి ముడి వేసింది. తరవాత, "దానికి మీరే చెప్పండి. ఇంకొకరి నోట విననివ్వకండి" అంది. ఆ మధ్యాహ్నం కాళ్ళు తొట్టిలో పెట్టుకోలేదు. ప్రశంసాపత్రం గోడ మీంచి తీసి బీరువా వెనక పడేసింది. దాని చోట గోడ తెల్లగా కనిపిస్తోంది.

నిన్న ఉదయం పైకెక్కి నట్టు బిగించాను. అరచుట్టు తిప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఎక్కడానికి మాత్రం నాలుగుసార్లు ఆగాల్సి వచ్చింది. కిందికి దిగేలోపే రీడింగు ఇరవై రెండుకు వచ్చింది. కంట్రోల్ రూము నుంచి ఫోన్ చేసి మెషిన్ పాడైందా అని అడిగారు. బాగైంది అని చెప్పాను. సాయంత్రం మేనేజరు పిలిచాడు. చాలాసేపు బతిమాలాడు. చివరికి, క్యాంటీన్ పని గురించి ఆలోచించండి, ఫ్యాక్టరీ ఉంటేనే కదా క్యాంటీన్ అన్నాడు. నేను లేచి ఇంటికి వచ్చేశాను. మామయ్య పిల్లలు ఇవాళ కూడా పక్క గదిలోనే అన్నం తింటున్నారు, పళ్ళాల చప్పుడు వినిపిస్తోంది. ఎటు నడిచినా ఎవరో ఒకరి నోటి దగ్గర కూడు లాగేసినట్టే అవుతోంది. నాకు దారి తోచడం లేదు తల్లీ. తోచిందని నీకు రాస్తే అదింకో అబద్ధం.

ఈ ఉత్తరంతో పాటు విడిగా ఇంకో కాగితం పెట్టాను. అందులో జరిగినదంతా తారీఖులతో రాసి, నా పూర్తి పేరు, ఉద్యోగం నంబరు వేసి సంతకం పెట్టాను. నాలుగు ఫ్యాక్టరీల పేర్లు రాశాను. ఆ నలుగురు కుర్రాళ్ళ పేర్లు రాయలేదు. వాళ్ళకు నేనే వెళ్ళి చెబుతాను, నేర్పినవాణ్ణి నేనే కాబట్టి. ఆ కాగితంలో నువ్వు నా కూతురివని ఎక్కడా లేదు. అది మీ పెద్దాఫీసరు బల్ల మీద పెట్టు. నా మీద జాలితో సొరుగులో దాచావంటే ఇవాళ నేను చేసిన పని రేపు నువ్వు చేసినట్టవుతుంది, అది నేను చూడలేను. పూచీ పడ్డందుకు ఆయన నిన్ను ఏమంటాడో, ఆ వేదిక ఎక్కనిస్తాడో లేదో నాకు తెలియదు. రెండేళ్ళు రాత్రనక పగలనక చేసిన నీ పని నేను పాడుచేశాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లక ఇన్ని పేజీలు రాశాను.

నాకేమవుతుందని అడుగుతావు, నాకు తెలుసు. ఐదో ప్రశ్న అదే. తెలియదు. అమ్మను మాత్రం నీ దగ్గరికి పంపిస్తాను, రైలు ప్రయాణం సాయంత్రాల్లోనే పెట్టుకుంటాం.

ఆ ఐదు ఫ్యాక్టరీలకూ పాత అంకెలు వేసి గీత మళ్ళీ గియ్యి. ఎటు పోతుందో నాకు తెలుసు, నీకూ తెలుసు. గీయబుద్ధి కాకపోతే కాసేపు ఆగు, కానీ గియ్యి. పువ్వు నేను చెరిపేద్దామని రబ్బరు తీసుకున్నాను గానీ చేతులు రాలేదు. అది కూడా నీకే వదిలేస్తున్నాను.

ఇట్లు,
ఆ మెషిన్ చూసే
మీ నాన్న